పంజాబ్ చుట్టూ తిరిగొచ్చిన షల్వార్

ఇప్పుడు ఏ కాలేజీ ముందు నిలబడి చూసినా షల్వార్ కమీజే. పంజాబీ డ్రెస్ అంటారు, చుడీదార్ అంటారు. ఒళ్లంతా కప్పే మంచి బట్ట అని పెద్దవాళ్లే కొనిపెడతారు.

ఇదే బట్ట మా ఇళ్లల్లో తొడిగినప్పుడు ‘తురకోళ్ల పైజామాలు’ అన్నారు. (మావాళ్లంతా అదే తొడిగారని కాదు. పల్లెల్లో మా అమ్మీలు కట్టింది చీరే. మా గురించి రాసేవాళ్లకు ఆ సంగతి పట్టదు.) లంగావోణీ వదిలిన హిందూ పిల్లను ‘ఏందే, తురకల్ల కలిసినవా?’ అని అడిగిన ముసలమ్మలను మేం ఎరుగుదుం.

మరి ఎట్లా మారింది? బస్సెక్కాలి, సైకిల్ తొక్కాలి, హాస్టల్లో ఉండాలి. వోణీ సర్దుకోవడంతోనే పొద్దుగడిచే పిల్లకు కుట్టిన బట్ట సుఖం. పట్నం చదువుకు పోయినవాళ్లు తొడిగారు, సినిమా హీరోయిన్లు తొడిగారు, రెడీమేడ్ దుకాణాలొచ్చాయి. ‘చున్నీ ఉంటే చాలు’ అని పెద్దలు రాజీకొచ్చారు. 1990లు గడిచేసరికి అడిగేవాడే లేడు. మాకూ సంతోషమే. మా పేచీ పేరు దగ్గర. తరాలుగా మా గల్లీలో ఉన్న బట్ట పక్క గల్లీకి రావడానికి పంజాబ్ చుట్టూ తిరిగి రావాల్సి వచ్చింది!

షేర్వానీదీ అంతే. నిజాం కొలువులో హిందూ ఉద్యోగులూ తొడిగారు. 1948 తర్వాత అది పోయిన రాజ్యం గుర్తయింది. ఇవాళ పెళ్లికొడుకులు కిరాయికి తెచ్చి మరీ తొడుగుతున్నారు.

మా పేరు చెరిగిన బట్టకు చోటు దొరికింది. చెరగని బట్ట సంగతేంటి? 2022లో కర్ణాటకలో హిజాబ్‌తో వచ్చిన పిల్లల్ని కాలేజీ గేట్ల దగ్గరే ఆపారు. మార్చి 15న హైకోర్టు సర్కారు ఉత్తర్వునే నిలబెట్టింది. అక్టోబర్ 13న సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు చెరో తీర్పు చెప్పారు.

మా పెద్దమనుషులనూ వదలం. బిడ్డ నెత్తిన గుడ్డ ఉండాలా వద్దా అన్నది గేటు దగ్గరివాడు తేల్చకూడదంటే, ఇంట్లో మీరూ తేల్చకూడదు. జీన్స్ తొడిగిన మా పిల్లను మీరు చూసే చూపు మాకు తెలుసు.

హైదరాబాద్ ఎండలో స్కూటీ మీద పోయే అమ్మాయిలు కళ్లు తప్ప మొహమంతా స్కార్ఫ్ చుట్టుకుంటారు. దుమ్ముకు, ఎండకు. కాలేజీ చేరాక విప్పి బ్యాగులో పెట్టుకుంటారు. ఏ కులమని, ఏ మతమని ఎవరూ అడగరు. ఆ గేటు దగ్గరే మా పిల్ల గుండుసూదులు తీస్తుంటే మాత్రం అంతా నిలబడి చూస్తారు.