సేవ తెలిసిన ఊరిలో సోషల్ వర్క్ చదువు

తిరుపతిలో ఎం.ఎస్.డబ్ల్యూ. (మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్) చదువుతున్నానని చెప్పే అమ్మాయిని చుట్టాలు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: సేవ చేయడానికి పీజీ ఎందుకమ్మా? అడిగేవాళ్లలో వెటకారం ఉండదు. తిరుమల కొండ మీద 1985 నుంచి నిత్యాన్నదానం నడుస్తోంది. 2000లో మొదలైన శ్రీవారి సేవ కోసం రైతులు, గృహిణులు ఎక్కడెక్కడి నుంచో సొంత ఖర్చులతో వచ్చి కూరగాయలు తరుగుతారు, క్యూలలో నీళ్లందిస్తారు. ఏ డిగ్రీ లేకుండానే ఇంత సేవ జరిగే ఊరిలో ఆ అనుమానం రావడం సహజం. ఆ సేవ విలువ నాకు తెలుసు, దాన్ని తగ్గించాలని ఈ మాటలు రాయడం లేదు. అయితే ఆకలితో ఉన్న మనిషికి అన్నం పెట్టడం వేరు, ఒక మనిషి రేపటి నుంచి ఎక్కడ, ఎవరి దగ్గర బతకాలో నిర్ణయించే చోట మాట చెప్పడం వేరు. రెండో పనికి మంచి మనసు ఉంటే చాలదు. విచారించడం, రాయడం, రాసినదానికి జవాబుదారీగా నిలబడటం రావాలి. ఎం.ఎస్.డబ్ల్యూ. నేర్పవలసింది వాటినే.

రైల్వే స్టేషన్‌లో ఒంటరిగా దొరికిన పిల్లవాడి సంగతే చూద్దాం. ఇల్లు వదిలివచ్చిన పిల్లలు యాత్రికుల ఊరిలో కనిపించడం కొత్త కాదు. జాలిపడినవాళ్లు టిఫిన్ పెట్టిస్తారు, ఊరి పేరు అడిగి టికెట్ కొని రైలెక్కిస్తారు. చిక్కంతా ఆ టికెట్ దగ్గరే ఉంది. వాడు దారి తప్పాడా, తండ్రి దెబ్బలకు పారిపోయాడా, పనికి పెట్టిన చోటి నుంచి తప్పించుకున్నాడా అన్నది తేలకముందే వెనక్కి పంపితే, ఏ చేతుల్లోంచి పారిపోయాడో ఆ చేతుల్లోనే మళ్లీ పెట్టినట్టు కావచ్చు. అందుకే 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం అలాంటి పిల్లల్ని, ప్రయాణ సమయం కాకుండా, 24 గంటల్లోగా బాలల సంక్షేమ కమిటీ ముందుకు తీసుకురమ్మంటుంది. సామాజిక విచారణ 15 రోజుల్లో ముగియాలంటుంది. ఆ విచారణ చేయదగినవాళ్లలో సోషల్ వర్కర్‌ను పేరుపెట్టి చెబుతుంది. పిల్లవాడితో విడిగా మాట్లాడాలి, తల్లి మాటను, బడి పంతులు మాటను, పక్కింటివాళ్ల మాటను వేర్వేరుగా వినాలి. కళ్లారా చూసింది ఏది, ఒకరు చెప్పగా విన్నది ఏది, మనం ఊహించింది ఏది అన్నది నివేదికలో విడదీయాలి. అమెరికాలో దాతృత్వ సంఘాల్లోనే పనిచేస్తూ వచ్చిన మేరీ రిచ్‌మండ్ 1917లో ‘సోషల్ డయాగ్నోసిస్’ అన్న పెద్ద పుస్తకం రాసింది ఈ సాక్ష్యాన్ని తూచడం గురించే. దానం చేసే సంఘాల లోపలి మనిషికే శిక్షణ అవసరం అంత గట్టిగా కనిపించిందంటే మన చుట్టాల ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే.

చట్టం ఉంటే చాలదా అంటారా? చిత్తూరు జిల్లా పల్లెల్లో మాతమ్మల కథ దానికి జవాబు. ఆడపిల్లకు జబ్బు చేస్తే, నయమైతే నీకే ఇస్తామని దేవతకు మొక్కుకొనే ఆచారం కొన్ని దళిత కుటుంబాల్లో సాగింది. మాతమ్మగా అలా ఇచ్చిన అమ్మాయికి పెళ్లి ఉండదు, ఊరి మగవాళ్ల నుంచి రక్షణా ఉండదు. ఇలా ఆడపిల్లల్ని దేవదాసీలుగా అంకితం చేయడాన్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్ 1988లోనే చట్టం చేసింది. అయినా 2017లో జాతీయ మానవ హక్కుల కమిషన్ మాతమ్మల విషయమై ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ప్రభుత్వాలకు నోటీసులు పంపవలసి వచ్చింది. ఆ మొక్కు వెనక అందని ఆసుపత్రి ఉంది, భూమి లేని కుటుంబం ఉంది, కులం ఉంది. పోలీసులు వెళ్తే ఊరు నోరు విప్పదు. ఉపన్యాసం ఇచ్చేవాళ్లు వెళ్తే ఆ స్త్రీలు సిగ్గుతో తలుపు వేసుకుంటారు. ఒక్కొక్కరితో విడిగా మాట్లాడటం, తమలాంటి నలుగురిని ఒకచోట కూర్చోబెట్టడం, పింఛను కోసం, పిల్లల బడి కాగితాల కోసం ఊరినీ కార్యాలయాలనూ కదిలించడం: కేస్ వర్క్, గ్రూప్ వర్క్, కమ్యూనిటీ ఆర్గనైజేషన్ అని క్లాసులో బట్టీపట్టే మూడు పద్ధతులూ ఒక్క గుమ్మం ముందు కలిసే చోటు ఇది. ఏం చేయాలో ఆమె తరఫున మనం నిర్ణయించకూడదన్నది ఈ చదువులో అన్నిటికన్నా కష్టమైన పాఠమని నా నమ్మకం. మేలు చేసేవాళ్లకు ఎదుటివాళ్ల ఇష్టం అడిగే అలవాటు తక్కువ.

ఇవన్నీ పుస్తకాలతో రావు, ఫీల్డ్ వర్క్‌తోనే వస్తాయి. తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీలోనూ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలోనూ సోషల్ వర్క్ చదువుకోవచ్చు. ఈ కోర్సులో సాధారణంగా వారానికి రెండు రోజులు ఏదైనా సేవా సంస్థలో (ఏజెన్సీలో) గడపాలి, రికార్డు రాయాలి, సూపర్‌వైజర్‌తో కూర్చుని మాట్లాడాలి. చాలాచోట్ల విద్యార్థులు సంతకం చేసి వస్తారని, పాత రికార్డులు చూసి కొత్తవి రాస్తారని గట్టి విమర్శ ఉంది. ఆ విమర్శను నేను కాదనను. రికార్డు చదివి, ‘ఈ మాట నీకెవరు చెప్పారు?’ అని అడిగే సూపర్‌వైజర్ లేకపోతే రెండేళ్ల తర్వాత చేతికి వచ్చేది కాగితమే. అందుకని కోర్సే వద్దనడం మాత్రం సరికాదు. సరిదిద్దవలసింది పర్యవేక్షణను.

డిగ్రీలతో కాదు, పల్లెల్లో తిరిగి నేర్చుకున్నారని పెద్దలను చూపించేవాళ్లూ ఉన్నారు. 1981లో తిరుపతిలో రాష్ట్రీయ సేవా సమితిని నిలబెట్టిన జి. మునిరత్నంకు 2012లో పద్మశ్రీ వచ్చింది పని వల్లనే. నిజమే. కానీ ఒక సంస్థను పుట్టించడానికి ఒక మనిషి పట్టుదల సరిపోవచ్చు. ఆ తర్వాత వందల గడపలకు వెళ్లే ఉద్యోగులందరికీ ఆ అనుభవం ఉండదు, వాళ్లకు శిక్షణ కావాలి. ఇక ఉద్యోగాల సంగతి. మనస్తాపం కలిగించే నిజమే ఇది. డాక్టర్లకూ లాయర్లకూ ఉన్నట్టు ఈ వృత్తికి చట్టబద్ధమైన జాతీయ కౌన్సిల్ లేదు, బాలల పరిరక్షణ విభాగాల్లో కొలువులు ఎక్కువగా కాంట్రాక్టువే. శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో హెచ్ఆర్ ఉద్యోగానికి వెళ్లే విద్యార్థిని నేను తప్పుపట్టను. పిల్లల భవిష్యత్తు తేల్చే నివేదికను రాయించుకొని, రాసిన మనిషికి వచ్చే ఏడాది ఉద్యోగం ఉంటుందో లేదో చెప్పని ప్రభుత్వాన్ని తప్పుపడతాను. ఈ ఏడాది ఈ కోర్సులో చేరబోయేవాళ్లు ఫీజు గురించి అడిగే ముందు ఏ ఏజెన్సీకి పంపుతారో, అక్కడ ఎవరు చూసుకుంటారో, రాసిన రికార్డును ఎవరు చదువుతారో అడగండి. సూటిగా జవాబు రాని చోట సీటు వచ్చినా వదులుకోండి.