మందలోనుంచే కాపరి: తెలుగు సంఘాల్లో శిష్యరికం, నాయకత్వం

క్రైస్తవ శిష్యరికం అంటే యేసు వెంట నడుస్తూ ఆయన బతికిన తీరు నేర్చుకోవడం, నేర్చుకున్నదాన్ని మరొకరికి అప్పగించడం. ఆ దారిలో ముందు నడిచినవారు వెనక వచ్చేవారి భారం మోస్తే దాన్నే సంఘ నాయకత్వం అంటారు. కొత్త నిబంధన ఈ రెంటినీ విడదీసి చూపలేదు. శిష్యుడిగా ఉండటం మానేసిన నాయకుడికి అందులో చోటు లేదు.

మార్కు సువార్త 3:14లో పన్నెండుమందిని ఏర్పరచుకున్న సందర్భం ఉంది. వారు తనతో ఉండాలన్నది మొదటి ఉద్దేశం. ప్రకటించడానికి పంపడం ఆ తర్వాతిది. ఈ వరుసలోనే శిక్షణ పద్ధతి అంతా ఉంది. వాళ్ళు ఆయనతో కలిసి తిన్నారు, తుపానులో ఒకే పడవలో భయపడ్డారు, దారిలో ఎవరు గొప్ప అని పోట్లాడుకుని సిగ్గుపడ్డారు. ఆ రోజుల్లోనే ఇద్దరిద్దరిగా ఊళ్ళకు వెళ్ళారు. తిరిగొచ్చి తాము చేసింది, బోధించింది అంతా ఆయనకు చెప్పారు (మార్కు 6:30). తోడుగా ఉండటం, జతగా వెళ్ళడం, తిరిగొచ్చి లెక్క చెప్పడం అనే ఈ మూడూ తర్వాతి రోజుల్లో ఎక్కడ సంఘం నిలబడినా దాని వెనక కనిపిస్తాయి.

నాయకుడి విషయంలో లేఖనం ఇంకా కచ్చితంగా మాట్లాడుతుంది. యాకోబు, యోహాను గొప్ప ఆసనాలు అడిగినప్పుడు యేసు లోకంలోని అధికారుల తీరు చూపించి, మీలో అలా ఉండకూడదన్నాడు. గొప్పవాడు కావాలనుకున్నవాడు పరిచారకుడు కావాలన్నాడు (మార్కు 10:35-45). చివరి రాత్రి తానే పళ్ళెంలో నీళ్ళు పోసి వాళ్ళ కాళ్ళు కడిగాడు. పేతురు తన మొదటి పత్రిక 5వ అధ్యాయంలో పెద్దలకు హద్దులు గీశాడు: డబ్బు ఆశతో మందను కాయకూడదు, మందమీద ప్రభువుల్లా పెత్తనం చేయకూడదు. తిమోతికి రాసిన మొదటి పత్రిక 3వ అధ్యాయంలో అధ్యక్షుడి అర్హతల జాబితా ఉంది. దాన్ని నిదానంగా చదివితే ఒక సంగతి ఆశ్చర్యం కలిగిస్తుంది. బోధించగలగడం ఒక్కటే అందులో నేర్పుకు సంబంధించింది. మిగతావి దాదాపు అన్నీ నడతకు సంబంధించినవే: ఇంటిని చక్కదిద్దుకోవడం, అతిథిని ఆదరించడం, తాగకపోవడం, కొట్లాడకపోవడం, ధనాపేక్ష లేకపోవడం, బయటివాళ్ళ దగ్గర మంచి పేరుండటం. కొత్తగా చేరినవాణ్ణి ఆ స్థానంలో పెట్టొద్దన్న హెచ్చరిక కూడా అక్కడే ఉంది. పౌలు ఊరూరా నియమించమన్నది కూడా పెద్దలను. ఒక్క మనిషి చేతిలో సంఘం పెట్టమని ఆయన చెప్పలేదు.

ఈ మాటలు తెలుగు నేలమీద ఎలా ఆచరణలోకి వచ్చాయో చూడటానికి ఒంగోలు మంచి చోటు. తోలు వ్యాపారం చేసే మాదిగ కుటుంబీకుడు యెర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ 1866 మార్చిలో బాప్తిస్మం పొందారు. అంతకుముందు పేరయ్య ఒక స్త్రీ గురువు దగ్గర యోగసాధన నేర్చుకున్న మనిషి. గురువు దగ్గర కూర్చోవడం, గురువు వెంట తిరగడం, గురువు మాట మోసుకెళ్ళడం పేరయ్యకు కొత్త కాదు. విశ్వాసంలోకి వచ్చాక ఊళ్ళు తిరుగుతూ చిన్నవాళ్ళను వెంట తీసుకెళ్ళారు. వాళ్ళు ఆయన మాట్లాడేది విన్నారు, తర్వాత తామే మాట్లాడారు. 1867 జనవరి 1న ఒంగోలులో ఎనిమిదిమందితో ఏర్పడిన సంఘం ఈ నడకల వల్లే పల్లెల్లోకి పాకింది. అమెరికా నుంచి వచ్చిన మిషనరీ జాన్ క్లౌ చేసిన తెలివైన పని ఏమిటంటే, మాదిగపల్లెల్లో అప్పటికే ఉన్న పెద్దల పద్ధతిని చెరపకపోవడం. పల్లెల్లో తిరిగే బోధకులు మూడు నెలలకోసారి ఒంగోలుకు వచ్చేవారు. జరిగింది చెప్పుకుని, కొన్నాళ్ళు చదువుకుని తిరిగి వెళ్ళేవారు.

కొత్తవారికి అక్కడ చెప్పిన నియమాలు మూడే: ఆదివారం పని చేయవద్దు, చచ్చిన పశువు మాంసం తినవద్దు, విగ్రహాలను పూజించవద్దు. వినడానికి చిన్నవే అయినా పల్లెలో వాటి వెల ఎక్కువ. జాతరలో డప్పు కొట్టం అన్న మాదిగలకు ఊరి పెత్తందారుల నుంచి దెబ్బలు తప్పలేదు, పని పోయింది. శిష్యరికానికి వెల ఉంటుందన్న సువార్త మాట వాళ్ళకు పుస్తకంలో చదివి తెలుసుకోవాల్సిన అవసరం రాలేదు.

1876-78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువలో 3.5 మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించారు. బోధకులు అక్కడ మేస్త్రీలుగా నిలబడ్డారు. తిండికోసం మతం మారారన్న మాట రాకూడదని ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశారు. తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. చరిత్ర పుస్తకాలు ఈ అంకెనే పదేపదే చెబుతాయి. అంతకంటే గమనించాల్సింది ఇంకొకటి ఉంది. ఆ రోజు నీళ్ళలోకి దిగి బాప్తిస్మం ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు, విడతకు ఇద్దరు చొప్పున. క్లౌ ఒక్కరికి కూడా ఇవ్వలేదు. ఆ వేలమంది తమ కాపరులుగా ఎవరిని చూడాలో ఆ ఒడ్డునే తేలిపోయింది.

దాదాపు అదే కాలంలో ఛత్తీస్‌గఢ్‌లో సంగతి వేరుగా నడిచింది. రాయ్‌పూర్‌లో మోవా అనే పేట మీదుగా బలౌదాబాజార్ వైపు పోయే దారి ఆ చరిత్ర జరిగిన నేలకే తీసుకెళ్తుంది. గురు ఘాసీదాస్ సత్నామీ పంథం పుట్టింది అటువైపే. 1868లో జర్మన్ మిషనరీ ఆస్కర్ లోర్ సత్నామీల మధ్య పని మొదలుపెట్టి, భూమి కొని బిశ్రామ్‌పూర్ అనే క్రైస్తవ గ్రామం కట్టారు. బడి వచ్చింది, వైద్యం వచ్చింది, కులం పేరుతో తరిమినవారికి తలదాచుకునే చోటు దొరికింది. వాటి విలువను తక్కువ చేయకూడదు. అయితే మిషనరీయే ఆ ఊరికి మాల్‌గుజార్, అంటే భూస్వామి అయ్యారు. పొలం ఇచ్చే చేతా, బాప్తిస్మం ఇచ్చే చేతా ఒకటే అయినప్పుడు విశ్వాసి శిష్యుడిగా కంటే రైతుగా, ఆశ్రితుడిగా నిలబడాల్సి వస్తుంది. కాపరి ప్రేమగలవాడే అయినా మంద తనంతట తాను నడవడం ఆలస్యమవుతుంది. పేతురు పెత్తనం గురించి పెట్టిన హద్దు చెడ్డవాళ్ళ కోసమే అనుకోవడం పొరపాటు. మేలు చేసే పెత్తనానికి కూడా అది వర్తిస్తుంది.

ఈ చిక్కును అందరికంటే స్పష్టంగా చూసి, దానికి పరిష్కారంగా ఒక పద్ధతిని నిర్మించినవారు దోర్నకల్ బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య. 1874లో తిరునెల్వేలి ప్రాంతపు వెళ్ళాలన్‌విళైలో పుట్టిన తమిళుడు. 1903లో తిరునెల్వేలి భారతీయ మిషనరీ సంఘం స్థాపనలో ముఖ్యులు. ఆ సంఘం నిజాం రాజ్యంలోని దోర్నకల్ ప్రాంతాన్ని ఎంచుకుంది. వైఎంసీఏలో పెద్ద ఉద్యోగం వదిలి 1909లో ఆయనే అక్కడికి వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో నిలబడి, పాశ్చాత్య మిషనరీల త్యాగాన్ని మెచ్చుకుంటూనే, భారతీయ క్రైస్తవులకు వారినుంచి ఇంకా కావలసింది స్నేహం అని చెప్పారు. ఆ సభలో కొందరికి ఆ మాట గుచ్చుకుంది. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్ కెథడ్రల్‌లో ఆయన ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు.

దోర్నకల్ పద్ధతికి పునాది పల్లె ఉపాధ్యాయుడు. అతను పగలు పిల్లలకు చదువు చెప్పేవాడు. చీకటి పడి కూలి నుంచి జనం వచ్చాక పెద్దలకు ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, యేసు కథలు నోటికి నేర్పేవాడు. అక్షరం రానివారికి పాటే పుస్తకం. కీర్తన, భజన, కాలక్షేపం లాంటి ఇక్కడి రూపాలను అజరయ్య ప్రోత్సహించారు. శిక్షణకు దోర్నకల్ వచ్చినవారు భార్యలతో సహా కాపురం ఉండేవారు. భార్యలకూ పాఠాలు ఉండేవి. ఇంటిని చక్కదిద్దుకోవాలన్న అర్హతను తిమోతి పత్రికనుంచి తీసుకుని శిక్షణలో నేరుగా చేర్చిన తీరు ఇది. పల్లె ఆడవాళ్ళతో మాట్లాడగలిగే మనిషి ఉపాధ్యాయుడి ఇంట్లోనే ఉండాలన్న ఆలోచన దానితోపాటే నెరవేరింది.

బాప్తిస్మం పొందే ప్రతివారి చేతినీ వారి తలమీదే పెట్టించి, సువార్త ప్రకటించకపోతే తనకు శ్రమ అని పౌలు కొరింథీయులకు రాసిన భావాన్ని (1 కొరింథీ 9:16) అజరయ్య వారి నోటితోనే చెప్పించేవారు. బాప్తిస్మం ముగింపు అని ఎవరూ అనుకోకుండా చేసే ఉపాయం అది. నిన్న చేరిన కూలిమనిషికీ ఇవాళ ఒక బాధ్యత ఉంది. ఏటా సాక్ష్యవారాలు పెట్టి మామూలు విశ్వాసులను చుట్టుపక్కల ఊళ్ళకు పంపేవారు. వాళ్ళు ఉపన్యాసం ఇచ్చేవారు కాదు, తమ జీవితంలో ఏం మారిందో చెప్పేవారు. మార్పు చూపించడానికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా. అందుకే ఆయన మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగు దయ్యాలమీద పోరాడమని బోధించారు. 1920లు, 30ల నాటికి మాల మాదిగ పల్లెల్లో వచ్చిన ఈ మార్పు చూసి ఊళ్ళోని ఇతర కులాల కుటుంబాలు కూడా సంఘంలో చేరడం మొదలైంది. ఊరిచివర గుడిసెల్లోనివారు ఊరి నడిమివారికి గురువులయ్యారు. తెలుగు సంఘ చరిత్రలో ఇంతకంటే గొప్ప ఘట్టం లేదు.

డబ్బు విషయంలోనూ ఆయన గట్టిగా నిలబడ్డారు. పేద సంఘం కూడా తన బోధకుణ్ణి తానే పోషించుకోవాలన్నారు. పంటకోతల పండుగలో ధాన్యం, కోళ్ళు, కూరగాయలు కానుకగా వచ్చేవి. వండేముందు పిడికెడు బియ్యం దేవునికని తీసిపెట్టే అలవాటు తెలుగు సంఘాల్లో ఎన్నో ఇళ్ళలో నిలిచింది. ఇచ్చేవాడికి అడిగే హక్కు వస్తుంది. కాపరి జీతం సముద్రం అవతలనుంచి వచ్చినన్నాళ్ళూ ఆ హక్కు పల్లెకు ఉండదు. 1924 నాటికి దోర్నకల్ అధ్యక్ష మండలంలో ఇంగ్లండునుంచి వచ్చిన గురువులు 8 మంది ఉంటే భారతీయులు 53 మంది ఉన్నారు. గుమ్మటాలు, మినార్లు, పద్మాల స్తంభాలతో కట్టిన ఎపిఫనీ కెథడ్రల్ కరువులు, డబ్బు ఇబ్బందులు దాటుకుని 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది. 1945 జనవరి 1న అజరయ్య కన్నుమూశారు.

మాల మాదిగల మధ్య వైరం మాత్రం ఆయన పూర్తిగా పోగొట్టలేకపోయారు. ఒకే గిన్నెలో ప్రభు భోజనం తీసుకున్నవారు బయటికొచ్చి మళ్ళీ వేరువేరు పల్లెలకు వెళ్ళారు. ఈ గాయం తెలుగు సంఘంలో ఈనాటికీ మానలేదు. దీన్ని దాచి నాయకత్వం గురించి మాట్లాడటం నిజాయితీ కాదు.

మరో దారి భక్తసింగ్‌ది. 1903లో పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టి, ఇంజనీరింగ్ చదువుకోవడానికి ఇంగ్లండు, కెనడా వెళ్ళి, 1932లో వాంకూవర్‌లో బాప్తిస్మం తీసుకున్నారు. 1941లో మద్రాసులో యెహోవా షమ్మా, 1950లో హైదరాబాదులో హెబ్రోను కేంద్రాలుగా ఆయన సేవ పెరిగింది. ఆ సంఘాల్లో స్థిరమైన జీతం ఉండదు, డబ్బుకోసం విజ్ఞప్తి చేయరు. అపొస్తలుల కార్యాలు 2:42లో ఉన్న బోధ, సహవాసం, రొట్టె విరవడం, ప్రార్థన అనే నాలుగింటిచుట్టూ కూడిక నడుస్తుంది. కొందరు పెద్దలు కలిసి ప్రార్థించి నిర్ణయాలు తీసుకుంటారు. ఆదివారం ఆరాధన తర్వాత అందరూ నేలమీద వరుసగా కూర్చుని ఒకే అన్నం తినే ప్రేమవిందు ఈ సంప్రదాయానికి గుర్తు. కులం ఎక్కువ దాక్కునేది పంక్తిలోనే అని తెలిసినవారికి ఆ భోజనం విలువ వివరించనక్కర్లేదు. 2000 సెప్టెంబరు 17న ఆయన హైదరాబాదులో చనిపోయారు.

ఒంగోలు, దోర్నకల్, హెబ్రోను సంఘ పరిపాలనలో ఒకదానికొకటి చాలా దూరం. బిషప్పు ఉన్న సంఘం ఒకటి, బిషప్పు మాటే లేని సంఘాలు రెండు. అయినా మూడుచోట్లా నాయకుణ్ణి తూచిన తూకం ఒకటే: అతని తర్వాత పని మోసేవారు తయారయ్యారా? పౌలు తిమోతికి రాసిన రెండో పత్రిక 2:2 అడిగేది ఇదే. పౌలు, తిమోతి, నమ్మకమైన మనుషులు, వారు నేర్పబోయే ఇతరులు అని నాలుగు తరాలు ఆ ఒక్క వాక్యంలో ఉన్నాయి. ఇవాళ తెలుగు ప్రాంతాల్లో వ్యక్తి పేరుమీద వెలసి, ఆస్తిలాగా కొడుకు చేతికి వెళ్ళే సేవలను ఈ తూకంలో పెడితే చాలావరకు తేలిపోతాయి. యెహెజ్కేలు 34వ అధ్యాయం తమ కడుపే నింపుకున్న కాపరులను నిలదీసింది. ఆ ప్రశ్నకు కాలం చెల్లలేదు.

రైలు ఉద్యోగాలకు, భిలాయి ఉక్కు కర్మాగారానికి, వ్యాపారాలకు వచ్చి రాయ్‌పూర్ చుట్టూ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ చరిత్ర మరింత పనికొస్తుంది. సొంత ఊరి సంఘం దూరమైనప్పుడు, మోవా లాంటి పెరుగుతున్న పేటలో ఒక ఇంట్లో నాలుగు కుటుంబాలు కూడుకుంటే అదే సంఘానికి మొదలు. అక్కడ పెద్ద హంగులు అక్కర్లేదు. వాక్యం చదివి వారం మధ్యలో దాన్ని ఎలా పాటించారో ఒకరికొకరు చెప్పుకోవాలి. రోగిని చూడటానికి ఇద్దరు కలిసి వెళ్ళాలి, ఆ ఇద్దరిలో ఒకరు కొత్తవారై ఉండాలి. పౌలు యెరూషలేము కానుకను తీసుకెళ్ళేటప్పుడు నింద రాకుండా మరికొందరిని తోడు పెట్టుకున్నాడు (2 కొరింథీ 8:18-21). కాబట్టి కానుక లెక్క ఇద్దరి చేతిలో ఉండాలి, అందరిముందు చదవాలి.

పెద్దను ఎన్నుకునే రోజు వచ్చినప్పుడు అతని ప్రసంగం విని నిర్ణయించకండి. అతని భార్యాపిల్లలను అడగండి, అతని దగ్గర పనిచేసేవారిని అడగండి, అతనికి అప్పిచ్చిన దుకాణదారును అడగండి. చివరగా, అతని వెంట తిరిగి నేర్చుకున్నవారు ఎవరో చూపించమని అతన్నే అడగండి.