నేల ఉసిరిక - కామెర్లు: ఒక పరీక్షపై విమర్శ

జూబిలీహిల్సులో, ఫిలింనగరులో చిత్రవ్యాపారము తెలిసిన వారిని అడిగి చూడుడు. మొదటి ఆటకు మ్రోగిన చప్పట్లను బట్టి చిత్రము నూరు దినములాడునని వారు చెప్పరు. మందుల విషయమున మాత్రము తొలి వార్తనే మనమేల నమ్మవలెను?

కామెర్లకు నేల ఉసిరిక రసము త్రాగించుట మన యిండ్లలో చిరకాలపు అలవాటు. పెద్దల కామెర్లలో అనేకము వాటంతటవే తగ్గును. కీర్తి రసమునకు దక్కును. అట్లు తగ్గని దీర్ఘకాలిక హెపటైటిస్-బి విషయమున ఈ మొక్కను మద్రాసులో త్యాగరాజన్ ప్రభృతులు పరీక్షించి, 1988లో 'లాన్సెట్' పత్రికలో ప్రకటించిరి. ఈ వైరసును గుర్తించి 1976లో నోబెల్ బహుమతి నందిన బ్లంబర్గు వారిలో నొకరు. మొక్కపొడిని 30 దినములు పుచ్చుకొన్న 37 మందిలో 22 మందికి రక్తమున వైరసు ఉపరితల యాంటిజెన్ కనబడకపోయినది. ఉత్తుత్తి మందు పుచ్చుకొన్న 23 మందిలో ఒక్కరికే అట్లు జరిగినది.

ఉత్తుత్తి మందుతో పోల్చి చూచుట మెచ్చదగినది. ఇది ప్రాథమిక పరిశీలన మాత్రమేనని వారే చెప్పుకొనిరి. కాని లెక్కకు వచ్చిన రోగులు కొద్దిమంది. రెండు వర్గములును సమానముగా లేవు. మందు ఆపిన 15-20 దినములకే ఫలితము చూచిరి. కొందరిని మాత్రమే తొమ్మిది నెలల వరకు గమనించిరి. ఈ వైరసు కాలేయ కణముల కేంద్రకమున తన డి.ఎన్.ఎ.ను దాచుకొని ఏండ్ల తరబడి నిలుచును. అట్టి శత్రువునకు ఈ గడువు చాలదు.

మరొకచోట చేసినను అదే ఫలితము రావలెను. 1990లో థాయిలాండునుండి, 1994లో న్యూజిలాండునుండి వెలువడిన పరీక్షలలో అది రాలేదు. మొక్క రకము, పెరిగిన నేల వేరు కావచ్చునన్న సమాధానము మరొక పరీక్షకు కారణమగునే గాని, నమ్మకమునకు ఆధారము కానేరదు.

నేడు వాడుకలోనున్న ఎంటికవిర్, టెనోఫోవిర్ మాత్రలు అనేక పరీక్షలకు నిలిచినవి. అవియు వైరసును అణచునే గాని, సాధారణముగ నిర్మూలింపజాలవు. వైద్యుని అడుగక వాటిని మానినచో వ్యాధి తిరుగబెట్టి ప్రాణాపాయము కలుగవచ్చును. ఆకురసమును నమ్మి మాత్రలు మానువారు ఈ మాట మరువరాదు. వ్యాధి సోకని వారికి టీకా ఉన్నది. 1997లో హైదరాబాదు శాంతా బయోటెక్నిక్స్ దానిని స్వదేశమున తయారుచేసి అందుబాటులోనికి తెచ్చినది.

పెరటి మొక్కయైనను, కర్మాగారపు మాత్రయైనను పరీక్ష ఒక్కటే.