బంటు రెండు గళ్ళు ముందుకు

1981 డిసెంబరు 12 సాయంత్రం. పశ్చిమ బెర్లిన్‌లో సంగీతకారుడు మాన్యుయెల్ గోట్షింగ్ తన స్టూడియోలో ఒక్కడే ఉన్నాడు. మర్నాడు హాంబుర్గ్ వెళ్ళే విమానం ఎక్కాలి. దారిలో వాక్‌మన్‌లో పెట్టుకుని వినడానికి ఏదైనా కావాలనుకున్నాడు. సింథసైజర్లు, ఒకే స్వరాల వరసను తిరిగి తిరిగి పలికించే సీక్వెన్సర్, గిటారు అన్నీ చేతికందేంత దూరంలోనే ఉన్నాయి. టేపు తిప్పి వాయించడం మొదలుపెట్టాడు. గంటకు కాస్త తక్కువసేపు వాయించి ఆపాడు. తర్వాత విని చూసుకుంటే సరిదిద్దాల్సిన తప్పు ఒక్కటీ దొరకలేదు. కొత్తగా కలిపింది లేదు, కోసింది లేదు. ఆ ఒక్క విడతలో పుట్టిందే ‘ఈ2-ఈ4’.

ఎలక్ట్రానిక్ సంగీతం చేసేవాళ్ళ మధ్య తెగని వాదం ఒకటుంది. పాటను డీజే కోసం కట్టాలా, శ్రోత కోసం కట్టాలా? ఆ మాట వచ్చినప్పుడల్లా నాకు ఈ టేపే గుర్తొస్తుంది. దీన్ని చేసిన రాత్రి గోట్షింగ్ మనసులో డీజే లేడు. శ్రోత కూడా ఒక్కడే, తెల్లారి విమానం ఎక్కబోయే తను. అయినా ఆ తర్వాతి నలభై ఏళ్ళలో డీజేలు ఇంత ప్రేమగా చేరదీసుకున్న రికార్డులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అదెలా జరిగిందో ఆ పనితనంలోనే వెతకాలి.

ముందు డీజే అంటే ఎవరో చెప్పుకోవాలి. మన ఊళ్ళలో ఆ మాటకు అర్థం మారిపోయింది. ‘పెళ్ళికి డీజే పెట్టారు’ అంటే బండి మీద గోడలా పేర్చిన స్పీకర్లు వచ్చాయని అర్థం. వినాయక నిమజ్జనం నాడు వీధి అదిరేలా వచ్చేదీ అదే. నేను చెబుతున్న డీజే మాత్రం ఒక మనిషి. ఆయన ముందు రెండు టర్న్‌టేబుళ్ళు, మధ్యలో మిక్సరు. ఒక రికార్డు జనం వింటూ ఉంటారు. రెండోది ఆయన ఒక్కడే హెడ్‌ఫోన్‌లో వింటూ, రెండింటి నడకా కుదిరేదాకా, వేగం మార్చే పిచ్ స్లైడరును వెంట్రుకవాసి జరుపుతుంటాడు. కుదిరాక ఒకదాని మీదికి రెండోదాన్ని మెల్లగా తెస్తాడు. అతుకు ఎక్కడ పడిందో ఆడుతున్న కాళ్ళకు తెలియదు. అలా రాత్రంతా నడిపించాలి.

ఆయన కోసం చేసిన రికార్డుకు ఒక తీరుంటుంది. మొదట నిమిషం, రెండు నిమిషాలు దరువు తప్ప ఏమీ ఉండదు. చివరా అంతే. దర్జీ రెండు ముక్కలు కలిపి కుట్టడానికి అంచుల్లో కాస్త గుడ్డ వదులుతాడే, అలాంటిది. ఆ రికార్డును ఇంట్లో కూర్చుని మొదటి నుంచి చివరిదాకా వింటే వెలితిగా అనిపిస్తుంది. ఆ వెలితి తెలిసి వదిలిందే, పక్క రికార్డు వచ్చి కూర్చునే చోటు. ఎంత వదలాలో తెలిసినవాడి పనిని నేను తక్కువగా చూడలేను.

డీజే కోసం రికార్డు ఆకారమే మారింది. 1970ల నడిమి కాలంలో న్యూయార్క్‌లో టామ్ మౌల్టన్ అనే ఆయన డాన్స్ పాటలను పొడిగించి కొత్తగా మిక్స్ చేసేవాడు. ఒకరోజు కటింగ్ స్టూడియోలో 7 అంగుళాల ఖాళీ డిస్కులు అయిపోయాయి. ఉన్న పెద్ద డిస్కు మీదే పాట చెక్కించుకోవలసి వచ్చింది. అంత జాగాలో గాళ్ళను ఎడంగా చెక్కేసరికి శబ్దం బలంగా, బేస్ నిండుగా వచ్చింది. బేస్ స్వరాలకు గాడి అటూ ఇటూ ఎక్కువ ఊగాలి. ఊగడానికి జాగా కావాలి. ఒక్కో వైపు ఒక్కో పాట మాత్రమే ఉన్న 12 అంగుళాల సింగిల్ అలా పుట్టి, డీజేల చేతి పనిముట్టయింది.

ఇప్పుడు ‘ఈ2-ఈ4’ ఎల్పీని ఆ పక్కన పెట్టి చూడండి. 1984లో, గోట్షింగ్ పాత మిత్రుడు క్లాస్ షుల్జ్ నడిపిన ఇన్‌టీమ్ అనే చిన్న లేబుల్ దాన్ని విడుదల చేసింది. ఒక్కో వైపు దాదాపు అరగంట. అరగంట సంగీతాన్ని ఒక వైపు ఇరికించాలంటే గాళ్ళు ఒకదాన్నొకటి ఒరుసుకునేంత దగ్గరగా రావాలి. బేస్ తగ్గించాలి, మొత్తం శబ్దమే తగ్గించాలి. పైగా ఈ సంగీతంలో గుండె మీద గుద్దే బరువైన కిక్ డ్రమ్ లేదు. మధ్యలో ప్లేటు తిరగెయ్యాలి. ఇది డీజేకు పనికిరాని వస్తువు అనడానికి ఇంతకన్నా ఏం కావాలి? అయినా న్యూయార్క్‌లోని కింగ్ స్ట్రీట్‌లో, ప్యారడైజ్ గరాజ్ అనే క్లబ్బులో, అక్కడి డీజే లారీ లెవాన్ దాన్ని తీసి టర్న్‌టేబుల్ మీద పెట్టాడు. జనం ఆడారు. తన రికార్డుకు జనం నాట్యం చేస్తున్నారని తెలిసినప్పుడు గోట్షింగ్ ఆశ్చర్యపోయాడు.

పేరు దగ్గర నుంచే ఈ పనిలో పొదుపు కనిపిస్తుంది. చదరంగం నేర్చుకునే పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ తెలిసిన ఎత్తు ఇది. రాజు ముందున్న బంటు ఈ2 గడి నుంచి ఈ4 గడికి, అంటే రెండు గళ్ళు ముందుకు. ఆటలో అందరికన్నా ఎక్కువగా వేసే మొదటి ఎత్తు. దానికి ఇంకో అర్థమూ ఉంది. గిటారులో అన్నిటికన్నా మంద్రమైన తీగను మీటితే పలికేది ఈ2, అన్నిటికన్నా సన్నని తీగ పలికేది ఈ4. వాటి మధ్య సరిగ్గా రెండు స్థాయిల ఎడం. చేతిలోని వాయిద్యం కొలతలూ, ఆట మొదలవుతున్న సూచనా ఒక్క పేరులో ఇమిడిపోయాయి. భాగాలకు కూడా చదరంగం వాసన ఉన్న పేర్లే పెట్టాడు. మొదటి భాగం ‘నిశ్శబ్దమైన కలవరం’, చివరిది ‘డ్రా’.

ఆ కలవరం రెండే కార్డులతో, అంటే ఒకేసారి పలికే రెండు స్వరాల గుంపులతో, మొదలవుతుంది. ఒకటి, మరొకటి, మళ్ళీ మొదటిది. గంటసేపు అంతే. మూడో కార్డు రాదు. మన చెవి ఏదో ఒకదాన్ని ఇల్లు అనుకుని అక్కడ ఆగాలని చూస్తుంది. ఇవి రెండూ ఒకదాన్నొకటి చూపిస్తూ ఎక్కడా ఆగనివ్వవు. పది నిమిషాలు గడిచేసరికి వినేవాడు ఆగాలన్న ఆశ వదిలేస్తాడు. అక్కడి నుంచే అసలు వినడం మొదలవుతుంది. తంబుర శ్రుతి కచేరీ మొదట్లో వినిపించి కాసేపటికి మరుపులో పడ్డట్టు, ఈ కార్డులు కూడా వెనక్కి వెళ్ళిపోతాయి. వాటి మీద జరిగే చిన్న పనులు ముందుకొస్తాయి. ఒక స్వరం అంచు కాస్త పదునెక్కింది. సన్నటి దరువు ఒకటి ఎప్పుడో వచ్చి చేరింది. ఎప్పుడు చేరిందని వెనక్కి వెతికితే ఆ క్షణం దొరకదు. ఎన్నోసార్లు వెతికాను, ప్రతిసారీ అది అప్పటికే అక్కడుంది.

నేతవాళ్ళ భాషలో చెప్పాలంటే, సీక్వెన్సర్ పడుగు. పోగులన్నీ బిగించి ఉంటాయి, వాటి వరస మారదు. మీటలు తిప్పే చేతులు పేక. యంత్రం చెప్పిందే చెబుతుంటే, ఆ చెప్పడంలోని వెలుగునీడలను మనిషి తిప్పుతుంటాడు. ఒక్కో మార్పుకు ఎంతసేపు తీసుకోవాలన్నదే ఇందులో విద్య. తొందరపడితే వినేవాడు ఉలిక్కిపడతాడు. ఆలస్యం చేస్తే విసుగొస్తుంది. గోట్షింగ్ ఆ రెండింటి మధ్య గంటసేపు, రాసుకున్న స్వరలిపి ఏదీ ముందు పెట్టుకోకుండా నడిచాడు.

ఆ నడక ఒక్క సాయంత్రంలో వచ్చింది కాదు. చిన్నతనంలో శాస్త్రీయ గిటారు నేర్చుకున్నాడు. 1970లో షుల్జ్, హార్ట్‌ముట్ ఎంకేలతో కలిసి ‘ఆష్ రా టెంపెల్’ బృందం పెట్టేనాటికి వయసు ఇరవై నిండలేదు. 1975లో ‘ఇన్వెన్షన్స్ ఫర్ ఎలక్ట్రిక్ గిటార్’ చేశాడు. అందులో సింథసైజరు లేదు, ఉన్నదంతా గిటారే. మీటిన స్వరాన్ని ఎకో యంత్రం తిరిగి పలికిస్తే, దాని సందుల్లో తర్వాతి స్వరం వేసి, ఒక్కడే గుంపులా వాయించాడు. సీక్వెన్సర్ చేసే పనిని ముందు తన వేళ్ళకు నేర్పించుకున్నాడన్నమాట. అమెరికాలో టెర్రీ రైలీ, స్టీవ్ రైష్ చిన్న ముక్కను తిప్పి తిప్పి పలికిస్తూ చేసిన సంగీతాన్నీ శ్రద్ధగా విన్నాడు. కాబట్టి 1981లో యంత్రాలను పక్కన కూర్చోబెట్టుకున్నప్పుడు, వాటి సహనం ఎంతో ఆయనకు ముందే తెలుసు.

సగం దాటాక గిటారు వస్తుంది. ఈ రికార్డులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే. అరగంటసేపు యంత్రాల నడకకు అలవాటుపడ్డ చెవికి తీగ మీద మనిషి వేలు తగలడం వినిపిస్తుంది. ఎవరైనా అక్కడ పెద్ద ఆర్భాటంతో రావాలనుకుంటారు. గోట్షింగ్ మాత్రం గిటారును మరో సీక్వెన్సర్‌లాగా తెస్తాడు. తునకలు తునకలుగా, దరువులో దరువై. చోటు కుదిరిందని తేలాకే స్వరాలు సాగడం మొదలవుతాయి, వాక్యాలవుతాయి. అప్పుడు కూడా ఊపిరి పీల్చుకునే చోట్లలో కింద పడుగు కనిపిస్తూనే ఉంటుంది. తన వాయిద్యమే అయినా దాన్ని అంతసేపు ఒళ్ళో పెట్టుకుని ఆగగలగడం చూస్తే నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

డీజేకు చోటు దొరికింది కూడా ఇలాంటి సందుల్లోనే అని నా నమ్మకం. ఆయన కోసమని అంచుల్లో గుడ్డ వదిలింది లేదు, కానీ నేత మొత్తం పలచన. ప్రతి పోగుకూ మరో పోగుకూ మధ్య గాలి ఆడుతుంది. యంత్రం నడక కాబట్టి తాళం తప్పదు. ఎక్కడ సూది పెట్టినా పాట అప్పుడే మొదలైనట్టూ ఉంటుంది, ఎప్పటి నుంచో సాగుతున్నట్టూ ఉంటుంది. మరో రికార్డులోని డ్రమ్స్ దాని కిందికి చేరితే ఇది పక్కకు జరిగి చోటిస్తుంది. ఒంటరిగా వినేవాడికి విసుగు రాకూడదని పెట్టిన శ్రద్ధే ఇదంతా. వాక్‌మన్ కోసం వదిలిన గాలి క్లబ్బులో పనికొచ్చింది.

తర్వాత వచ్చినవాళ్ళు ఆ గాలిలో తమ తమ ఇళ్ళు కట్టుకున్నారు. 1989లో ఇటలీ వాళ్ళు ‘స్వేన్యో లాటినో’ చేశారు. అవే కార్డుల మీద క్లబ్బుల్లో ఆడించే హౌస్ సంగీతపు గట్టి దరువు, పక్షుల కూతలు, ఒక స్త్రీ గుసగుస. 1994లో డెట్రాయిట్ వాసి కార్ల్ క్రెయిగ్, పేపర్‌క్లిప్ పీపుల్ అన్న పేరుతో ‘రీమేక్’ చేశాడు. గోట్షింగ్ పెట్టని బరువైన కిక్ డ్రమ్‌ను ఆయన పెట్టాడు. ఆ ‘రీమేక్’ను మళ్ళీ బెర్లిన్‌లోనే బేసిక్ ఛానెల్ జంట ఇంకోలా మలిచింది. మూడూ డీజేల కోసమే చేసినవి, మూడూ మంచివే. వాటిని విని మూలం దగ్గరికి తిరిగొస్తే మాత్రం, ఇందులో తగ్గింది ఏదీ లేదనిపిస్తుంది.

ఆ కాలపు మరో రికార్డును ఇక్కడ తలచుకోవాలి. 1982లో బొంబాయిలో చరణ్‌జీత్ సింగ్, రోలండ్ కంపెనీ యంత్రాలు మూడింటితో, డిస్కో దరువు మీద పది రాగాలు వాయించి ఒక ఎల్పీ చేశాడు. భూపాలి, మాల్‌కౌన్స్ అందులో ఉన్నాయి, అంటే మన మోహనం, హిందోళం స్వరాలే. అది అప్పట్లో అమ్ముడుపోలేదు. 2010లో మళ్ళీ విడుదలయ్యాక ప్రపంచంలోని డీజేలు ఆ బేస్ యంత్రం పలుకు విని నిర్ఘాంతపోయారు. షికాగోలో ఆసిడ్ హౌస్ అనే నాట్య సంగీతం పుట్టకముందే అదే పలుకు ఇక్కడ మోగింది. నాకు ఆ రికార్డు ప్రాణం. కానీ రాగం మొత్తాన్ని అయిదు నిమిషాల్లో విప్పి చూపాలన్న ఆరాటం అందులో ఉంది. వేళ్ళు ఎక్కడా నిలవవు, సంగతి మీద సంగతి పడుతుంటుంది. వినడానికి పండగే, డీజే చెయ్యి పెట్టడానికి మాత్రం సందు దొరకదు. పక్కపక్కన వింటే గోట్షింగ్ ఎంత వదులుకున్నాడో తెలుస్తుంది. ఆ చేతులకు వేగం రాక కాదు, గిటారు వచ్చాక ఆ సంగతి బయటపడుతుంది.

2022 డిసెంబరులో గోట్షింగ్ తన 70వ ఏట కన్నుమూశాడు. ఆ వార్త తెలిసిన రాత్రి నేను సికింద్రాబాద్ నుంచి విశాఖ వెళ్ళే రైల్లో ఉన్నాను. పై బెర్తు మీద హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదటి నుంచి విన్నాను. ప్రయాణంలో వినడానికి చేసింది, ప్రయాణంలోనే వినడం కుదిరింది. పట్టాల అతుకుల చప్పుడు ఒక్కోసారి దరువుతో కలిసేది, ఒక్కోసారి వెనకబడేది, కాసేపటికి మళ్ళీ వచ్చి అందుకునేది. చివరికి వచ్చేసరికి గిటారు తప్పుకుంది. ఆ భాగాల్లో ఒకదానికి ఆయన పెట్టిన పేరు ‘రాచవారి వెనకడుగు’. దరువులు పలచబడ్డాయి. మొదట విన్న రెండు కార్డులు మిగిలాయి, ఒకటి, మరొకటి, మళ్ళీ మొదటిది. అవి ఆగలేదు. శబ్దం తగ్గుతూ తగ్గుతూ పోయింది, ఎక్కడ అయిపోయిందో కనిపెట్టాలని చూశాను, అప్పటికే చెవిలో రైలు చప్పుడొక్కటే ఉంది.