పాత నీళ్లు, కొత్త టబ్బు

అక్వేరియం చేపలను తాత్కాలిక తొట్టిలోకి మార్చాల్సిన అవసరం కరీంనగర్, ఆదిలాబాద్ ఇళ్లలో ఎక్కువగా దసరా ముందు వారాల్లో వస్తుంది. గోడలకు రంగు వేయాలి, హాలు ఖాళీ చేయాలి, అద్దాల తొట్టిని జరపాలి. ఇల్లు మారడం, తొట్టి మూలలో నీళ్లు కారడం తక్కిన కారణాలు. ఈ వారం ఆ హడావుడి మళ్లీ మొదలైంది. ఏటా వినబడే సలహా కూడా దానితోపాటే వచ్చింది: బకెట్ నిండా నల్లా నీళ్లు పట్టి, చేపలను నెట్‌తో తీసి అందులో వేస్తే సరిపోతుందట. అలా వేసిన చేపలు చాలాసార్లు అదే రోజు చావవు. రెండో రోజో మూడో రోజో నీటి పైకి వచ్చి నోరు తెరుస్తాయి, ఆ తర్వాత ఒక్కొక్కటీ పోతాయి. రంగు వాసన పడలేదనో, దిష్టి తగిలిందనో ఇంట్లో అనుకుంటారు. వాటి ప్రాణం తీసింది మాత్రం ఆ బకెట్‌లోని నీళ్లే.

ముందు పాత్ర సంగతి. అటక మీది రాగి గంగాళం, ఇత్తడి కాగు విశాలంగానే ఉంటాయి. కానీ వాటి నుంచి నీళ్లలోకి దిగే రాగి చేపల మొప్పలను దెబ్బతీస్తుంది. తొట్టిలో నత్తలు, రొయ్యలు ఉంటే వాటికి ఇంకా తక్కువ మోతాదే చాలు. కొత్తగా కట్టిన హౌజు, కొత్త సిమెంటు గోలెం సున్నం వదులుతూ నీటి పీహెచ్‌ను పెంచుతాయి. పలుమార్లు నింపి, నానబెట్టి, పారబోశాకే అవి పనికొస్తాయి. సబ్బు, ఫినాయిలు తగిలిన బకెట్లను ఎంత కడిగినా నమ్మకూడదు. తాగునీళ్లకు వాడే ప్లాస్టిక్ డ్రమ్ము, వెడల్పాటి టబ్బు మేలు. లోతు కంటే వెడల్పు ముఖ్యం, ఎందుకంటే గాలిలోని ఆక్సిజన్ నీళ్లలోకి దిగేది పైతలం నుంచే. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టి నిండా పడితే 56 లీటర్లు పడుతుంది. అందులో తిరిగిన చేపలను 20 లీటర్ల బకెట్‌లో రెండు రోజులు ఉంచడం వాటిని హింసించడమే.

ఇక నీళ్లు. కరీంనగర్ నల్లాల్లో వచ్చేది దిగువ మానేరు జలాశయం నీరు, శుద్ధి చేసి క్లోరిన్ కలిపింది. మిషన్ భగీరథ నీళ్లలోనూ క్లోరిన్ ఉంటుంది. నల్లా దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది తాగునీటి ప్రమాణం. మనిషికి రక్షణ ఇచ్చే ఆ కొద్దిపాటి క్లోరినే చేప మొప్పలను కాలుస్తుంది. పట్టిన నీళ్లను ఎయిర్ పంపుతో 24 గంటలు కదిలిస్తే క్లోరిన్ ఎగిరిపోతుంది. అంత సమయం లేకపోతే దుకాణాల్లో యాంటీ క్లోరిన్ పేరుతో దొరికే సోడియం థయోసల్ఫేట్ ద్రావణం నిమిషాల్లో పని చేస్తుంది. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు గాని, గ్రానైటు రాళ్ల నడుమ నుంచి వచ్చే ఆ నీళ్లలో లవణాలు ఎక్కువ. బకెట్ల అంచున తెల్లటి పొర కట్టే నీళ్లు నెలల తరబడి వేరే నీళ్లకు అలవాటుపడిన చేపకు ఒక్కసారిగా సరిపడవు.

అందుకే పాత నీళ్లను పారబోయవద్దని ఈ శీర్షిక మొదటి నుంచీ చెబుతూ వస్తున్నది. తాత్కాలిక తొట్టిని అక్వేరియంలోని నీళ్లతోనే నింపితే చేపకు వేడిలోగాని, పీహెచ్‌లోగాని, లవణాల్లోగాని తేడా తెలియదు. గది మారుతుంది, నీళ్లు మారవు. పైపుతో అడుగు మట్టి కదలకుండా పైనుంచి నీళ్లు లాగాలి. టబ్బు ముప్పాతిక నిండాకే చేపను పట్టాలి.

అయితే పాత నీళ్లలోనే మేలు చేసే బ్యాక్టీరియా అంతా ఉందన్న నమ్మకం సరికాదు. చేప విసర్జించే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులు ఎక్కువగా స్పాంజికి, ఇసుకకు, రాళ్లకు అంటుకుని బతుకుతాయి. విడి నీళ్లలో ఉండేవి చాలా తక్కువ. కొత్త తొట్టిలో అవి కుదురుకోవడానికి నాలుగైదు వారాలు పడుతుంది. కాబట్టి టబ్బులోకి నీళ్లతోపాటు నడుస్తున్న ఫిల్టర్ కూడా వెళ్లాలి. స్పాంజిని నల్లా కింద కడిగి శుభ్రంగా అమర్చడం ఇళ్లల్లో అందరూ చేసే పని. ఆ కడుగుడుతో నెలల తరబడి పెరిగిన జీవరాశి పోతుంది. మురికి మరీ పట్టి ఉంటే తీసిపెట్టిన పాత నీళ్లలోనే ఒకసారి పిండాలి. ఫిల్టర్‌ను ఆపి గంటల తరబడి పక్కన పెట్టినా లోపలి జీవులకు ఆక్సిజన్ అందదు.

పట్టే పద్ధతి చిన్న విషయంలా కనిపిస్తుంది, నష్టం మాత్రం అక్కడే ఎక్కువ. ముందురోజు మేత ఆపాలి. కడుపు ఖాళీగా ఉన్న చేప టబ్బు నీళ్లను తక్కువ పాడుచేస్తుంది. లైటు ఆర్పి, మొక్కలు, రాళ్లు తీసి, నీటి మట్టం తగ్గించాక పడితే వెంటాడే పని ఉండదు. గోల్డ్‌ఫిష్, ఏంజెల్ లాంటివాటిని నెట్‌తో కంటే నీళ్లలోనే ప్లాస్టిక్ డబ్బాలోకి మళ్లించి, నీళ్లతో సహా ఎత్తడం మంచిది. నెట్ రాపిడికి ఒంటి మీది జిగురు పొర లేచిపోతుంది. ఆ పొర పోయిన చోటే బూజు పడుతుంది. సక్కర్ చేప ముళ్లు నెట్‌లో చిక్కుకుంటే లాగకూడదు, దారాలు కత్తిరించాలి. అరవానా ఎగురుతుంది కాబట్టి టబ్బు మీద మూత, మూత మీద బరువు తప్పనిసరి.

చేపను ఒక నీటి నుంచి మరో నీటికి మార్చే విద్యలో ఈ ప్రాంతానికి అక్వేరియాల కంటే పెద్ద అనుభవం ఉంది. ఉచిత చేప పిల్లల పంపిణీ పథకం 2016లో మొదలైనప్పటి నుంచి వానకాలంలో చెరువులు నిండగానే సీడ్ వాహనాలు ఊళ్లకు వస్తున్నాయి. చాలా సీడ్ కైకలూరు వైపు నుంచి రాత్రంతా ప్రయాణించి వస్తుంది. చిన్న చెరువులకు 35–40 మిల్లీమీటర్ల పిల్లలు, జలాశయాలకు 80–100 మిల్లీమీటర్ల పిల్లలు. బొచ్చె, రవ్వ, మృగాల, బంగారు తీగ. బయలుదేరే ముందు వాటిని మేత లేకుండా హాపాల్లో, అంటే నీళ్లలో కట్టిన వల తొట్లలో, నిలబెడతారు. పాలిథిన్ సంచిలో మూడో వంతు నీళ్లు పోసి, పిల్లలను వేసి, మిగతా భాగం ఆక్సిజన్‌తో నింపి బిగిస్తారు. చెరువు గట్టుకు చేరాక పద్ధతి తెలిసిన ముదిరాజ్, గంగపుత్ర సంఘాల మత్స్యకారులు సంచులను విప్పకుండానే పదిహేను, ఇరవై నిమిషాలు నీటి మీద తేలనిస్తారు. సంచిలోని నీళ్లు, చెరువు నీళ్లు ఒకే వేడికి వచ్చాక విప్పి, కాస్త చెరువు నీరు కలిపి, పిల్లలు వాటంతట అవి ఈదుకుంటూ వెళ్లేలా సంచిని వంచుతారు. పై నుంచి గుమ్మరించరు. సభ పెట్టి, ఎండలో వక్తల కోసం ఆగి, ఆ తర్వాత ఫొటో కోసం పిల్లలను ఎత్తి పోసేచోట ఈ పద్ధతంతా వ్యర్థమవుతుంది. అది చూస్తే బాధ కలుగుతుంది. రాత్రంతా కాపాడుకొచ్చిన ప్రాణాలు గట్టు మీద పోవడం అన్యాయం.

మృగశిర కార్తె నాడు హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం ఇచ్చే చేప ప్రసాదం కోసం ఉత్తర తెలంగాణ నుంచీ జనం వెళ్తారు. అక్కడ కొర్రమీను పిల్లలు కొద్దిపాటి నీళ్లున్న కవర్లలో చేతులు మారుతూ కూడా బతికే ఉంటాయి. అది చూసినవారికి చేపకు ఇన్ని నీళ్లు చాలన్న భ్రమ కలగడం సహజం. కొర్రమీను తలలో మొప్పల పైన గాలి పీల్చుకునే అదనపు అవయవం ఉంది, పైకి వచ్చి గాలి మింగుతుంది. అక్వేరియం చేపల్లో గౌరామీ, ఫైటర్ చేపలకు అలాంటి వసతి ఉంది. గోల్డ్‌ఫిష్‌కు, మాలీకి, గప్పీకి లేదు. అవి నీళ్లలోని ఆక్సిజన్‌నే నమ్ముకోవాలి. అదేమో 25 డిగ్రీల వద్ద లీటరుకు 8 మిల్లీగ్రాములకు పైగా కరిగితే, 35 డిగ్రీల వద్ద 7కు పడిపోతుంది.

సీడ్ సంచి మరో సంగతి నేర్పుతుంది. పాత నీళ్ల మీది నమ్మకానికి హద్దు కనిపించేది అక్కడే. బిగించిన సంచిలో చేప వదిలే అమ్మోనియా పెరుగుతూ పోతుంది. దానితోపాటే కార్బన్ డయాక్సైడ్ పెరిగి పీహెచ్‌ను దించుతుంది. పీహెచ్ 7 దగ్గర మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది నూటికి ఒక పాలు కూడా కాదు. 8కి చేరితే ఆరేడు పాళ్లు. మూతి విప్పగానే కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోతుంది, పీహెచ్ లేస్తుంది, అప్పటిదాకా నిద్రాణంగా ఉన్న అమ్మోనియా విషమవుతుంది. అంటే దూరం నుంచి వచ్చిన చేపను విప్పిన సంచిలో గంటసేపు చుక్కచుక్కగా అలవాటు చేయడం దానికి మేలు కాదు. వేడి సమం చేయాల్సింది మూతి విప్పక ముందే. విప్పాక ఆలస్యం చేయకుండా చేపను మాత్రం తీసి తొట్టిలో వేసి, సంచి నీళ్లను పారబోయాలి.

ఏళ్ల తరబడి పట్టించుకోని అక్వేరియం కూడా బిగించిన సంచి లాంటిదే. అందులో పీహెచ్ పడిపోయి ఉంటుంది, అమ్మోనియా కనబడకుండా పేరుకుని ఉంటుంది. ఆ నీళ్లతో టబ్బు నింపి, తక్కువయ్యాయని రెండు బకెట్ల బోరు నీళ్లు కలిపితే పీహెచ్ ఒక్కసారిగా లేచి సంచి విప్పినప్పటి కథే జరుగుతుంది. అలాంటి తొట్టికి పాత నీళ్లను కాపాడటం రక్షణ కాదు. మార్చడానికి వారం, పది రోజుల ముందు నుంచే రోజూ పదో వంతు నీళ్లు తీసి, క్లోరిన్ పోయిన కొత్త నీళ్లు పోస్తూ రావాలి. నీళ్లు బాగుపడ్డాకే టబ్బు మాట. తరచూ నీళ్లు మారుస్తూ వచ్చిన తొట్టికి మాత్రం పాత నీళ్లే మంచివి, అలవాటు చేసే తంతు ఏదీ అక్కర్లేకుండా చేపను నేరుగా మార్చవచ్చు. నెమ్మదిగా చేయాలా, త్వరగా చేయాలా అన్నది నీటి చరిత్రను బట్టి తేలుతుంది.

టబ్బును రంగు వేసే గదికి దూరంగా పెట్టాలి. ఎయిర్ పంపు గదిలోని గాలినే నీళ్లలోకి కొడుతుంది. పెయింటు ఆవిరి, టర్పెంటైన్ ఆ దారినే లోపలికి వెళ్తాయి. దోమల చక్రం, దోమల లిక్విడ్, స్ప్రేలలో ఉండే పైరెత్రాయిడ్లు చేపలకు అతి తక్కువ మోతాదులోనే ప్రాణాంతకం, కాబట్టి ఆ గదిలో అవి పూర్తిగా మానాలి. మొదటి రోజు మేత వద్దు, రెండో రోజు నుంచి చిటికెడు చాలు. రోజూ ఐదో వంతు నీళ్లు మార్చాలి. అవి ముందే నిలబెట్టి, అదే వేడికి తెచ్చినవై ఉండాలి. ఎండాకాలంలో మంచుగడ్డలను నేరుగా వేయకుండా, గడ్డకట్టిన నీళ్ల సీసాను టబ్బులో తేలనిచ్చి నెమ్మదిగా చల్లబరచాలి. చలికాలంలో ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు రాత్రి వేడి 10 డిగ్రీల లోపుకు దిగుతుంది. గోల్డ్‌ఫిష్ తట్టుకున్నా, 24–28 డిగ్రీలు కోరే ఏంజెల్, గౌరామీలకు హీటర్ ఉండాల్సిందే. థర్మోకోల్ పలకలు టబ్బు చుట్టూ కడితే వేడి నిలుస్తుంది. కరెంటు పోతే బ్యాటరీ ఎయిర్ పంపు ఉండాలి. అదీ లేకపోతే గిన్నెతో నీళ్లు ముంచి పై నుంచి పోస్తూ ఉండాలి.

తిరిగి మార్చేటప్పుడు క్రమం తిరగబడుతుంది. అద్దాన్ని సబ్బు లేకుండా తుడిచి, ఇసుకను పాత నీళ్లతోనే జాడించి, టబ్బు నీళ్లలో శుభ్రమైన భాగంతో సగం నింపి, మిగతాది సిద్ధం చేసిన కొత్త నీళ్లతో పూరించాలి. కొత్త రంగు వాసన గదిలో పూర్తిగా పోయాకే ఫిల్టర్, ఆ తర్వాత చేపలు. గుంపులో ఒకదాన్నొకటి తరిమే చేపలు ఉంటే అన్నింటినీ ఒకేసారి వేసి, లైటు ఆ రోజంతా ఆర్పి ఉంచాలి. టబ్బులో పిల్లలు పెట్టిన గప్పీలు ఎక్కువయ్యాయని, సక్కర్ పెద్దదయిందని వాటిని మానేరులోగాని ఊర చెరువులోగాని వదలకూడదు. సక్కర్ ఒంటి మీది గట్టి పలకలు మత్స్యకారుల వలలను చింపుతాయి, అది ఒకసారి చేరిన నీళ్లలోంచి పోదు. పెంచేవారు ఎవరైనా దొరికే దాకా దాన్ని టబ్బులోనే ఉంచవచ్చు, ఫిల్టర్ నడుస్తున్నంత కాలం.