ఇష్టం విమర్శకు ప్రమాణం కాగలదా? – నిక్ హార్న్‌బీ ‘31 సాంగ్స్’: ఒక పరిశీలన

విషయ ప్రవేశం

ఒక పాట నచ్చిందని చెప్పడం తేలిక. ఎందుకు నచ్చిందో చెప్పడం కష్టం. ఆ కారణాన్ని తనలో కాక పాటలో చూపడం మరింత కష్టం. నచ్చడం వ్యక్తిగతమైన సంగతి కాబట్టి అది విమర్శ పరిధిలోకి రాదనే భావన సాహిత్య పరిశోధనలో బలంగానే ఉంది. అయితే నచ్చని పాటను ఎవరూ వందసార్లు వినరు. వందసార్లు విన్న శ్రోతకు తెలిసినవి, పాఠాన్ని ఒకసారి చదివి అలంకారాలను గుర్తించి పక్కన పెట్టిన పరిశీలకునికి తెలియకపోవచ్చు. కనుక ఇష్టాన్ని తీర్పుగా కాక సాక్ష్యంగా స్వీకరించే వీలుందా అన్న ప్రశ్న అడగదగినదే.

ఆంగ్ల నవలాకారుడు నిక్ హార్న్‌బీ తనకు నచ్చిన పాప్, రాక్ పాటల గురించి రాసిన వ్యాసాల సంపుటి ఈ ప్రశ్నకు మంచి ఆధారం. ఆ గ్రంథం పాటించిన నియమాన్ని, ఆ నియమం నిలిచిన చోటును, తడబడిన చోటును భారతీయ రససిద్ధాంత పరిభాష సాయంతో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

గ్రంథ స్వరూపం

1957లో జన్మించిన హార్న్‌బీ ‘ఫీవర్ పిచ్’ (1992)లో ఫుట్‌బాల్ అభిమానిగా తన జీవితాన్ని చెప్పుకున్నాడు. ‘హై ఫిడెలిటీ’ (1995) నవలలో రికార్డుల దుకాణం నడిపే ఒక సంగీతాభిమానిని నాయకుణ్ని చేశాడు. అభిమానాన్నే వస్తువుగా చేసుకున్న రచయిత పాటల గురించి పుస్తకం రాయడం ఆశ్చర్యం కలిగించదు. ఈ గ్రంథం 2002లో అమెరికాలో ‘సాంగ్‌బుక్’ పేరుతోను, 2003లో బ్రిటన్‌లో ‘31 సాంగ్స్’ పేరుతోను వెలువడింది. అమెరికా ప్రచురణకు కొన్ని పాటల సీడీని జతచేశారు. పాట గురించి రాసే ప్రతి రచనకూ ఉన్న మౌలికమైన లోటును ఆ సీడీ గుర్తుచేస్తుంది. కవితను విమర్శించే వ్యాసంలో కవితా పాదం కనిపిస్తుంది, పాటను విమర్శించే వ్యాసంలో పాట వినిపించదు.

గ్రంథంలో చరిత్ర క్రమం లేదు, వాగ్గేయకారుల వర్గీకరణ లేదు, ఉత్తమ గీతాల పట్టిక అన్న ప్రకటన కూడా లేదు. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్, బాబ్ డిలన్, బీటిల్స్ వంటి ప్రసిద్ధుల పక్కనే అంతగా పేరు రాని గాయకులూ కనిపిస్తారు. ఎంపికకు కొలత ఒక్కటే: రచయిత ఇష్టం.

జ్ఞాపకాన్ని తోసిపుచ్చిన నియమం

ఇష్టమైన పాటల పుస్తకం అనగానే పాఠకుడు ఆశించేది జ్ఞాపకాలను. ఫలానా పాట ఫలానా వేసవిని, ఫలానా స్నేహితుణ్ని గుర్తుచేస్తుందన్న కథనాన్ని. హార్న్‌బీ మొదటి వ్యాసంలోనే ఆ దారిని తోసిపుచ్చాడు. ఒక సంఘటనను గుర్తుచేస్తుంది కాబట్టి ఒక పాటను ప్రేమించేవారికి సంగీతంపై నిజమైన ప్రేమ తక్కువేనని అతని వాదం. నిజంగా నచ్చిన పాటను జీవితంలోని అన్ని దశల్లోనూ వింటాం. అలా వింటూ పోతే మొదట అంటుకున్న జ్ఞాపకం క్రమంగా చెరిగిపోయి పాట మాత్రమే మిగులుతుందని అతని తర్కం. అందుకే పాటలు తనకు తెచ్చిన జ్ఞాపకాల గురించి కాక, వాటిలో తనను ప్రేమించేలా చేసినది ఏమిటో రాయదలచానని చెప్పుకున్నాడు.

ఈ వాదం అలంకారశాస్త్ర పాఠకునికి పరిచితంగానే తోస్తుంది. నిరంతర కావ్యానుశీలనం వల్ల మనసనే అద్దం నిర్మలమై, వర్ణ్యవస్తువుతో తన్మయం కాగలిగినవాడు సహృదయుడని అభినవగుప్తుడు లోచనంలో నిర్వచించాడు. అభినవభారతిలో అతడు చెప్పిన ఏడు రసవిఘ్నాలలో సొంత సుఖదుఃఖాలకు వశుడు కావడం ఒకటి. తన బాధలో మునిగిన ప్రేక్షకుడు రంగస్థలం మీది దుఃఖాన్ని రసంగా ఆస్వాదించలేడు. హార్న్‌బీ వద్దన్న జ్ఞాపకం ఇటువంటి విఘ్నమే. సుమారు వెయ్యేళ్ల ఎడం ఉన్నా, పరస్పర సంబంధం లేకున్నా, ఇద్దరూ అభ్యాసాన్నే ప్రక్షాళనగా భావించారు.

భేదం కూడా గమనించదగినది. అభినవగుప్తుడు చెప్పిన అభ్యాసం కావ్యాలన్నింటి అనుశీలనం. హార్న్‌బీ చెప్పిన అభ్యాసం ఒకే పాట పునఃశ్రవణం. మొదటిది రసికుణ్ని తయారుచేస్తుంది. రెండవది ఒక పాటకు ఒక శ్రోతను తయారుచేస్తుంది.

అరిగిపోయే పాట, నిలిచే పాట

పునఃశ్రవణమే పునాది అయినప్పుడు, ఎన్నిసార్లు విన్నా మిగిలేది ఏది అన్న ప్రశ్న వస్తుంది. గ్రంథంలోని రెండు వ్యాసాలను పక్కపక్కన చదివితే దీనికి జవాబు దొరుకుతుంది.

నెల్లీ ఫర్టాడో పాడిన ‘ఐయామ్ లైక్ ఎ బర్డ్’ గురించిన వ్యాసం పాప్ పాట క్షణికమైనదన్న ఆక్షేపణకు సమాధానం. ఒక పాటను మళ్లీ మళ్లీ వినడం దాన్ని ఒక చిక్కుముడిలా విప్పడమేనన్న డేవ్ ఎగర్స్ ఆలోచనను హార్న్‌బీ ఇక్కడ స్వీకరించాడు. ముడి వీడగానే పాటతో పని తీరుతుంది. అది లోపం కాదని, కొంతకాలం మనల్ని పూర్తిగా ఆక్రమించుకొని తప్పుకోవడం కూడా ఒక కళాధర్మమేనని అతని వాదం. కాలపరీక్షకు నిలవడమే ఉత్తమత్వానికి ఏకైక గుర్తు అన్న సంప్రదాయ భావనను ఇది ప్రశ్నిస్తుంది.

స్ప్రింగ్‌స్టీన్ 1975 నాటి ‘థండర్ రోడ్’ గురించిన వ్యాసం దీనికి ఎదురు నిలుస్తుంది. పాతికేళ్లుగా వారానికి ఒకసారి కంటె కాస్త ఎక్కువగా, సుమారు 1500 సార్లు ఆ పాట విని ఉంటానని రచయిత లెక్క వేశాడు. అయితే ఆ పాటను అతడు నిర్దోషమని అనలేదు. అందులోని భావావేశపు అతిని, కాల్పనిక ధోరణిని తానే ఎత్తిచూపాడు. దోషాలు తెలిసీ ఇష్టం తగ్గలేదని చెప్పడంలోనే ఈ వ్యాసం విలువ ఉంది. ఇక్కడ ఇష్టం గుణనిర్ణయం నుంచి విడిపోయి స్వతంత్ర సాక్ష్యంగా నిలుస్తుంది. దోషం తెలియని ఇష్టం అభిమానమే అవుతుంది. దోషాన్ని చూపి, ఇష్టం ఇంకా ఎందుకు మిగిలిందో వెతికినప్పుడు అది విమర్శ అవుతుంది. ఇష్టానికి ప్రమాణ యోగ్యత ఏర్పడే చోటు ఇదే.

నియమం తడబడిన చోటు

గ్రంథంలో అత్యంత బలమైన వ్యాసం ఈ నియమాన్నే పరీక్షకు పెడుతుంది. హార్న్‌బీ నవల ‘అబౌట్ ఎ బాయ్’ (1998) 2002లో చలనచిత్రమైంది. దానికి బ్యాడ్లీ డ్రాన్ బాయ్ అనే కళానామం గల డేమన్ గాఫ్ పాటలు కట్టాడు. వాటిలో ‘ఎ మైనర్ ఇన్సిడెంట్’ ఒకటి. నవలలో ఆత్మహత్యకు ప్రయత్నించిన తల్లి కుమారునికి రాసిపెట్టిన ఉత్తరం ఆ పాటకు మూలం. హార్న్‌బీ కుమారునికి ఆటిజం ఉంది. ఆ నవల తన కుమారుని గురించి రాసినది కాదు. కాని నవలలోని ఒక ఘట్టం నుంచి మరొకరు కట్టిన పాట, తన నవలకంటె ఎంతో ఆత్మీయమైన అర్థంతో తన వద్దకే తిరిగివచ్చిందని అతడు రాశాడు.

సొంత దుఃఖం పాటలోకి రాకూడదన్న నియమం ఇక్కడ భగ్నమైందా? పైకి అలాగే కనిపిస్తుంది. జాగ్రత్తగా చూస్తే జ్ఞాపకానికీ వాసనకూ ఉన్న భేదం తేటపడుతుంది. జ్ఞాపకం ఒక సంఘటనకు కట్టుబడినది. పాట ఆ సంఘటనకు గుర్తుగా మిగులుతుంది, దాని స్థానంలో మరో పాట ఉన్నా అదే పని చేస్తుంది. వాసన అంతఃకరణంలో సంస్కార రూపంగా నిద్రాణమై ఉంటుంది. అది లేనివానికి రసాస్వాదమే లేదని ఆలంకారికులు చెప్పారు. ‘ఎ మైనర్ ఇన్సిడెంట్’ రచయితకు ఏ సంఘటననూ గుర్తుచేయలేదు. అది లోపల అప్పటికే ఉన్న తండ్రి మనసును మేల్కొలిపింది. మరో పాట ఆ పని చేసి ఉండేది కాదు. అంటే హార్న్‌బీ ఆచరణ అతని నియమంకంటె సూక్ష్మమైనది. అతడు తోసిపుచ్చినది జీవితాన్ని కాదు, పాట స్థానాన్ని ఆక్రమించే జీవితాన్ని.

శాంటానా వాద్యగీతం ‘సాంబా పా తి’ గురించిన వ్యాసం దీన్ని మరో వైపు నుంచి సమర్థిస్తుంది. మాటలు లేని ఆ గీతాన్ని కౌమారంలో, తనకు ఇంకా కలగని తొలి శృంగారానుభవానికి నేపథ్య సంగీతంగా రచయిత ఊహించుకున్నాడు. జరగనిదానికి జ్ఞాపకం ఉండదు. అక్కడ పనిచేసినదీ వాసనే.

పరిమితులు

ఈ పద్ధతి అంతటా సఫలమైందని చెప్పలేం. ‘పఫ్ ద మ్యాజిక్ డ్రాగన్’ పాటకు గ్రెగరీ ఐజాక్స్ గానం గురించిన వ్యాసంలో కుమారునికి సంగీతంతో ఉన్న అనుబంధం హృద్యంగా కనిపిస్తుంది, పాట మాత్రం వెనక్కి తగ్గుతుంది. అక్కడ జీవితం పాటకు తలుపు తీయలేదు, పాట స్థానంలో తానే నిలిచింది. ‘ఎ మైనర్ ఇన్సిడెంట్’ వ్యాసంతో పోల్చినప్పుడు ఈ తేడా స్పష్టమవుతుంది.

రెండవ పరిమితి మరింత తీవ్రమైనది. సూసైడ్ బృందం 1977 నాటి ‘ఫ్రాంకీ టియర్‌డ్రాప్’ ఒక కర్మాగార కార్మికుడు కుటుంబాన్ని చంపి తానూ చనిపోయే కథను పది నిమిషాలకు పైగా వినిపిస్తుంది. జీవితంలోని నిజమైన భయాలు తెలిసిన వయసులో అటువంటి పాట తనకు అక్కరలేదని, టీనేజ్ ఫ్యాన్‌క్లబ్ పాట ఇచ్చే సాంత్వనే కావాలని హార్న్‌బీ పక్షం తీసుకున్నాడు. నిజాయితీ గల మాటే అది. కాని ఇక్కడ ఇష్టం సాక్ష్యపు హద్దు దాటి తీర్పు అయింది. ఆ పాట భయాన్ని సాధారణీకరించలేక విఫలమైందా, లేక శ్రోత సొంత భయమే విఘ్నమైందా అన్నది తేల్చవలసిన ప్రశ్న. దుఃఖప్రధానమైన కావ్యం ఆనందాన్ని ఎలా ఇస్తుందన్న చర్చకు మన అలంకారశాస్త్రంలో పెద్ద చోటే ఉంది. హార్న్‌బీ ఆ చర్చ గడప దగ్గరే ఆగిపోయాడు.

తెలుగు సందర్భం

తెలుగులో పాటల గురించి ఇటువంటి గ్రంథాలు లేకపోలేదు. సి. నారాయణరెడ్డి ‘పాటలో ఏముంది నా మాటలో ఏముంది’, సిరివెన్నెల సీతారామశాస్త్రి ‘సిరివెన్నెల తరంగాలు’ ప్రసిద్ధమైనవి. అవి కర్త వైపు నుంచి వచ్చిన రచనలు. పాట ఏ సందర్భంలో పుట్టిందో, ఏ మాట ఎందుకు పడిందో చెప్పగల అధికారం కర్తకే ఉంటుంది. హార్న్‌బీ గ్రంథం శ్రోత వైపు నుంచి వచ్చినది. పాట పుట్టాక దానికి ఏమైందో చెప్పగలవాడు శ్రోత. ఈ రెండు సాక్ష్యాలూ ఒకదానికొకటి ప్రత్యామ్నాయాలు కావు.

అయితే తెలుగు శ్రోతకు హార్న్‌బీ నియమం యథాతథంగా అన్వయించదు. తెలుగులో జనప్రియ గీతం ప్రధానంగా సినిమా పాట. అది ఒక కథా సందర్భంతో, ఒక పాత్రతో, ఒక నటుని ముఖంతో కలిసి చెవిని చేరుతుంది. దానికి అంటుకున్న జ్ఞాపకం ఒక్కరిది కాదు, లక్షలమందిది. పాటను దాని నుంచి విడదీసి వినాలంటే శ్రోత తన జ్ఞాపకంతో పాటు సామూహిక జ్ఞాపకాన్నీ దాటాలి. సినిమా పేరు తెలియని రేడియో శ్రోతకు, చిత్రీకరణ చూసిన ప్రేక్షకునికి ఒకే పాట రెండు పాటలుగా వినిపించడంలో వింత లేదు. హార్న్‌బీ గ్రంథంలో అత్యంత బలమైన వ్యాసం కూడా సినిమా కోసం కట్టిన పాట గురించినదే కావడం ఇక్కడ గమనార్హం. కథా సందర్భం ఉన్నంత మాత్రాన పాట దానికి బందీ కానక్కరలేదని, ఆ సందర్భాన్ని దాటి శ్రోత జీవితంలో కొత్త చోటు సంపాదించుకోగలదని ఆ వ్యాసం నిరూపిస్తుంది.

సినిమా పాటపై విశ్వవిద్యాలయ పరిశోధన పాటను ముద్రిత పాఠంగా తీసుకొని అలంకారాలు, ఛందోరీతులు, సామెతలు చూపినప్పుడు పొందే ప్రయోజనం కాదనలేనిది. కాని స్వరం, గొంతు, పునఃశ్రవణం ఆ పద్ధతికి అందవు. పాఠంగా సామాన్యంగా కనిపించే పల్లవి దశాబ్దాల పాటు జనం నోట ఎందుకు నిలిచిందన్న ప్రశ్నకు అక్కడ జవాబు దొరకదు. అందుకు శ్రోత సాక్ష్యం కావాలి.

ముగింపు

‘31 సాంగ్స్’ పరిశీలన వల్ల తేలే అంశాలు మూడు. ఇష్టం తానుగా ప్రమాణం కాదు. తన ఆలంబనాన్ని పాటలో చూపగలిగినప్పుడు, దోషాన్ని కూడా ఒప్పుకోగలిగినప్పుడు అది విమర్శకు సాక్ష్యమవుతుంది. శ్రోత జీవితం జ్ఞాపకంగా వచ్చి పాటను కప్పివేస్తే అది విఘ్నం, వాసనగా ఉండి పాటను తెరిస్తే అది ఆస్వాద హేతువు. ఈ రెంటి నడుమ గీత ప్రతి పాటకూ, ప్రతి వ్యాసానికీ కొత్తగా గీయవలసినదే. ముందే గీసిపెట్టిన నియమం సరిపోదని హార్న్‌బీ ఆచరణే చూపింది.

సహృదయుడు అన్న మాటను మన విమర్శ తరచు ఒక ఆదర్శంగా వాడుతుంది. ఒక పాటను పాతికేళ్లు విని, దానిలోని దోషాలు ఎంచి, అయినా విడిచిపెట్టలేక కారణం వెతికే శ్రోత ఆ ఆదర్శానికి సజీవమైన ఉదాహరణ. అటువంటి శ్రోతలు తెలుగునాట ఇంటింటా ఉన్నారు. వారి వినికిడిని పరిశోధన సామగ్రిగా స్వీకరించినప్పుడే తెలుగు పాట చరిత్రలో శ్రోత వైపు అధ్యాయం మొదలవుతుంది.