బలి చేయి, రంతిదేవుని నీళ్లు

దాతల పేర్లు చెప్పమంటే శిబి, దధీచి, కర్ణుడు, బలి, రంతిదేవుడు అని ఒకే వరసలో చెప్పుకుపోతాం. పురాణ కాలక్షేపాల్లో తరతరాలుగా స్థిరపడిన వరస అది. అందులో చివరి ఇద్దరినీ ఒకే గాటన కట్టడం నాకు ఎన్నడూ మింగుడుపడలేదు. పోతన భాగవతంలో బలి కథ అష్టమ స్కంధంలో, రంతిదేవుని కథ నవమ స్కంధంలో ఉన్నాయి. రెండింటినీ వెంటవెంటనే చదివితే, ఇవ్వడం అనే ఒకే పని వెనుక ఎంత భిన్నమైన మనసులు ఉండగలవో తెలుస్తుంది.

ముందు బలిని చూద్దాం. నర్మదా తీరాన అశ్వమేధం చేస్తున్నాడు. మూడు లోకాలూ చేతిలో ఉన్నాయి. ప్రహ్లాదుని మనుమడన్న పేరూ ఉంది. పొట్టి వడుగు వామనుడు వచ్చి మూడడుగుల నేల అడిగితే చక్రవర్తికి అది చిన్నతనంగా తోచింది. ఇచ్చేవాడి స్థాయి ఏమిటో తలచి అడగవద్దా అని మందలిస్తాడు. ఈ మాటను మనం ముద్దుగా చదువుకుని ముందుకు వెళ్లిపోతాం. నిజానికి కథకు పునాది అక్కడే పడింది. అడిగినవాడికి ఎంత కావాలన్నది బలికి ప్రశ్నే కాదు. తాను ఎంత ఇవ్వగలవాడో లోకానికి తెలియాలి. కొలత దాత పక్షాన ఉంది.

గురువు శుక్రాచార్యుడు వచ్చినవాడు విష్ణువని చెప్పి, ప్రాణానికీ మానానికీ ముప్పు వచ్చినప్పుడు బొంకవచ్చునని ధర్మసూక్ష్మం కూడా వినిపిస్తాడు. దానికి బలి ఇచ్చిన జవాబు తెలుగువాళ్లకు కంఠస్థం. ఎందరో రాజులు వచ్చారు, పోయారు, సిరి ఎవరి వెంటా రాలేదంటాడు. ఇంతవరకూ వైరాగ్యమే. కానీ ఆ వెంటనే శిబి వంటివారు కీర్తి కోరి ఇచ్చారనీ, అందుకే లోకం వారిని మరచిపోలేదనీ అంటాడు. సంపద మీద మోజు పోయిన చోట పేరు మీద మోజు వచ్చి కూర్చుంది. అహంకారం ఇల్లు ఖాళీ చేయలేదు, గది మారింది.

దాని తర్వాత వచ్చే పద్యంలో పోతన చూపిన సాహసం అపూర్వం. లక్ష్మిని లాలించే ఆ చేయి కింద ఉండి, దానమిచ్చే నా చేయి పైన ఉండటం కంటే గొప్ప ఏముందని బలి పరవశిస్తాడు. ఈ చేతుల ముచ్చట సంస్కృత మూలంలో లేదు, పోతన కల్పించుకున్నదే. ఎందరో వ్యాఖ్యాతలు ఇందులో భక్తి చూశారు. భక్తి ఉంది, కాదనను. ఎదుట నిలబడినవాడు విష్ణువని తెలిసి, ఆ చేయి అందుకోవడమే భాగ్యమనుకున్నాడు. అయినా ఆ చేతిని కింద చూసుకుని తన చేతిని పైన చూసుకున్న సంతోషం కూడా అక్కడే ఉంది. రెండూ విడదీయలేనంతగా కలిసిపోయిన మనసును ఒక్క పద్యంలో పట్టడం వల్లనే పోతన బలి బొమ్మలా కాక మనిషిలా నిలిచాడు.

రెండడుగులకే లోకాలన్నీ చెల్లిపోయాక, వరుణపాశాలతో కట్టుబడి ఉండి కూడా మూడో అడుగుకు తల చూపిస్తాడు. నరకానికీ బంధనానికీ భయపడను, బొంకడానికి భయపడినంతగా దేనికీ భయపడనంటాడు. నిజంగా చేతులెత్తి మొక్కవలసిన ఘట్టం. కానీ ఆ చివరి క్షణంలో కూడా అతను కాపాడుకుంటున్నది తన మాట. వామనుడికి ఆ నేల అవసరమా అన్న ఆలోచన కథ మొదట్లోనూ లేదు, చివర్లోనూ లేదు. ఇది సత్యవ్రతం. కరుణ వేరు.

రంతిదేవుడి దగ్గర యజ్ఞశాల లేదు, గురువు హెచ్చరికలు లేవు. భరతవంశంలో సంకృతి కొడుకు. ఉన్నదంతా దీనులకిచ్చి పేదవాడై, కుటుంబంతో సహా 48 రోజులు తిండీ నీళ్లూ లేక అలమటించాడు. మర్నాడు ఉదయం నేయి, పాయసం, కాసిని నీళ్లు దొరికాయి. నోట పెట్టుకోబోయే సమయానికి ఒక బ్రాహ్మణుడు, తర్వాత ఒక శూద్రుడు, ఆపై కుక్కల గుంపుతో మరొకడు వచ్చారు. రంతిదేవుడు అందరికీ పెట్టాడు, కుక్కలవాడికీ నమస్కరించాడు. చివరికి మిగిలినవి నీళ్లే. అప్పుడే ఒక చండాలుడు దాహమంటూ వచ్చాడు.

ఇక్కడ పోతన రాజుచేత అతణ్ని అన్నా అని పిలిపించాడు. రా, అన్నం లేదు గానీ నీళ్లున్నాయి, తాగమంటాడు. మా ఊళ్లలో గడపలోకి వచ్చినవాడిని పలకరించినట్టే ఉంటుంది. మూలంలో రంతిదేవుడు అష్టసిద్ధులూ మోక్షమూ వద్దు, ప్రాణులందరి లోపలా ఉండి వారి దుఃఖం నేను అనుభవించాలని కోరుకుంటాడు. తెలుగులో ఆ మహత్తర వాంఛ, ఆపదలో ఉన్నవారి ఆపద తీర్చడాన్ని మించిన మేలు ఉందా అన్న చిన్న ప్రశ్నగా మారింది. మూలం ఎత్తు తగ్గినట్టు మొదట అనిపించవచ్చు. నాకు మాత్రం ఈ కుదింపే నచ్చుతుంది. గొంతు ఎండిపోతున్న మనిషి, ఎదుట మరో ఎండిన గొంతును చూసి ఎక్కువ మాట్లాడడు. బలి ఘట్టాన్ని పద్యాల మీద పద్యాలతో పెంచిన కవి, ఇక్కడ కొద్ది పద్యాలతో సరిపెట్టాడు. ఇచ్చేవాడు తనను తాను చూసుకోని చోట కవికీ వర్ణించవలసింది తక్కువే.

మహాభారతంలోనూ సంకృతి కొడుకైన రంతిదేవుడున్నాడు. అతని వంటశాలలో రెండు లక్షల మంది వంటవాళ్లట. ఆ అంకెలో రాజవైభవం వినిపిస్తుంది. భాగవతం దానిని పక్కకు నెట్టి, ఆఖరి గుక్కెడు నీళ్ల దగ్గరకు మనల్ని తీసుకొచ్చింది. భారతం వంటవాళ్ల సంఖ్యతో చెప్పిన గొప్పతనాన్ని భాగవతం దాతకు ఏమీ మిగలకపోవడంతో చెప్పింది.

అలాగని రంతిదేవుని కథలో లోపం లేదనను. అతనితో పాటు భార్యాబిడ్డలు కూడా పస్తులున్నారు. నీళ్లు ఇచ్చేయవచ్చా అని వాళ్లను ఎవరైనా అడిగారా? కథ ఆ మాట ఎత్తదు. తన దుఃఖాన్ని పరుల దుఃఖంలో కలిపేసుకున్నవాడు, తన ఇంటివాళ్ల ఆకలిని తన ఆకలిగానే లెక్కవేసి దానమిచ్చేశాడు. మమకారం పోవడం వేరు, తనవాళ్లకూ ఒక నోరుందని మరవడం వేరు. ఈ విషయంలో బలి కథే ముందుంది. అక్కడ బలి భార్య వింధ్యావళికి మాటలున్నాయి. ఈ లోకాలు నీ ఆటకోసం నీవు చేసుకున్నవి, తెలివిలేనివాళ్లు వీటికి తామే ప్రభువులమనుకుంటారని ఆమె విష్ణువుతోనే అంటుంది. కాదనకుండా ఇచ్చినవాణ్ని కట్టడమెందుకని నిలదీస్తుంది. అహంకారం గురించి బలికి తల మీద అడుగు పడ్డాక గాని అందని సంగతి, ఆమెకు ముందే తెలుసు. ఆ కథలో అందరికంటే స్పష్టంగా చూసింది ఆమేనని నా అభిప్రాయం.

ఫలితాల్లోనూ తేడా ఉంది. బలికి సుతలం దక్కింది, విష్ణువే అక్కడ వాకిలి కాశాడు, సావర్ణి మన్వంతరంలో ఇంద్రపదవి రాసిపెట్టి ఉంది. పోయింది మళ్లీ వస్తుందన్న హామీ అది. అతిథులుగా వేషాలు మార్చుకుని వచ్చిన బ్రహ్మాదులు నిజరూపాలు చూపినా రంతిదేవుడు మొక్కి ఊరుకున్నాడు, ఏమీ అడగలేదు. భాగవతం అతనికి పదవినీ లోకాన్నీ కేటాయించలేదు. అతనితో తిరిగినవాళ్లు కూడా యోగులయ్యారని మాత్రం చెప్పి, వంశక్రమంలో తర్వాతి రాజు కథకు సాగిపోయింది.